డేగముక్కు మీద ఇద్దరు తోటికోడళ్ళు

షరీపా పొద్దున్నే గుమ్మంలో కనబడిందంటే ఏదో పని మీద వచ్చిందని ఉల్మెకెన్‌కు తెలుసు. అయితే వచ్చిన పని వెంటనే చెప్పే మనిషి కాదామె. ముందు వాకిలి ఊడ్చిన తీరుకు వంక పెట్టాలి, తర్వాత టీలో పాలు తక్కువయ్యాయనాలి, తన మరిది, ఉల్మెకెన్ మొగుడు ఒరిన్‌బాయ్ చిక్కిపోయాడని నిట్టూర్చాలి. ఇవన్నీ అయ్యాకే అసలు సంగతి. పెళ్ళయి ఈ ఇంట్లో అడుగుపెట్టిన నాటినుంచీ ఉల్మెకెన్‌కు ఇది అలవాటే. తోటికోడలు పెద్దది, ఆమె నోరు ఇంకా పెద్దది.

ఆ రోజు మాత్రం షరీపా ఏ వంకా పెట్టలేదు. బల్ల దగ్గర కూర్చుని, టీ గిన్నె అంచును ముందు వేలితో తడిమి చూసుకుని, అప్పుడు నోటికి అందుకుంది. ఆ తడమడం చూసి, రొట్టె విరుస్తున్న ఉల్మెకెన్ చేతులు ఆగిపోయాయి.

షిమ్‌కెంట్ పట్నం వెళ్ళి కంటి డాక్టరుకు చూపించుకుని వచ్చానని షరీపా చెప్పింది. ఎడమ కన్ను ఎప్పుడో పోయిందట; ఆ సంగతి ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పకుండా దాచుకుంది. కుడి కంటికి చుట్టూతా చీకటి కమ్ముకొస్తోంది. మధ్యలో మాత్రం తాళంచెవి బెజ్జంలోంచి చూసినట్టు కొంచెం మేర కనబడుతోంది. చుక్కల మందు వేసుకుంటే కొంతకాలం నిలుస్తుందిగాని, పోయిన చూపు తిరిగి రాదన్నాడు డాక్టరు. ఇదంతా ఆమె సంతలో గొర్రెల బేరం చెప్పినంత మామూలుగా చెప్పేసింది.

"ఉన్న కాస్తా పోయేలోపు డేగముక్కు మీంచి ఒక్కసారి లోయను చూడాలే, పిల్లా," అంది. "పెళ్ళయిన ఏడు మా ఆయన తీసుకెళ్ళాడు. మళ్ళీ వెళ్దాం, మళ్ళీ వెళ్దాం అంటూనే ఆయన కాలం చేశాడు. నువ్వు తీసుకెళ్ళు."

ఉల్మెకెన్‌కు తాను సరిగా విన్నదో లేదో అర్థం కాలేదు. ఊళ్ళో ఎవరినైనా అడగవచ్చుగాని, ఆ చోటికి తీసుకెళ్ళమని తనను అడగడం ఏమిటి?

డేగముక్కు అంటే అభయారణ్యంలో అక్సు నది లోయ మీదికి పొడుచుకొచ్చిన పెద్ద బండ. లోయను పైనుంచి చూడటానికి మూడు చోట్లున్నాయి. మొదటిదాని దాకా జీపు పోతుంది. చుట్టాలొస్తే అందరూ అక్కడికే తీసుకెళ్ళి ఫొటోలు దిగి వస్తారు. రెండోది దేవదారును పోలిన అర్చా చెట్లు దట్టంగా పెరిగిన గట్టు మీద ఉంది. మూడోది డేగముక్కు. దాన్ని చేరాలంటే కొండ చెంపన చెక్కినట్టున్న ఇరుకు దారిని దాటాలి. కుడి పక్క నిలువెత్తు రాతి గోడ. ఎడమ పక్క ఏమీ లేదు. ఆ ఏమీ లేనిచోట, ఎక్కడో పాతాళంలో, పాలు పొంగినట్టు తెల్లగా పరుగెత్తే అక్సు.

పెళ్ళయిన కొత్తల్లో అత్తింటివాళ్ళంతా కలిసి వెళ్ళినప్పుడు ఉల్మెకెన్ ఆ ఇరుకు దారిలోనే కూలబడిపోయింది. కాళ్ళు ఆమె మాట వినలేదు. చివరికి అందరూ చూస్తుండగా చేతుల మీద, మోకాళ్ళ మీద పాకుతూ వెనక్కి వచ్చింది. కొత్త పట్టు గౌను మోకాళ్ళ దగ్గర చిరిగిపోయింది. ఆ రోజు డేగముక్కు దాకా ఎవరూ పోలేదు, అందరూ అక్కడినుంచే వెనుదిరిగారు. షరీపా దాన్నొక కథగా అల్లి ఊళ్ళో ఏ విందులోనూ చెప్పకుండా వదల్లేదు. "మా చిన్న కోడలు నాలుక్కాళ్ళ మీద వచ్చింది, ఇంకా నయం, దారిలో గడ్డి మేయలేదు" అని ముగించేది. జనం పగలబడి నవ్వేవాళ్ళు. ఉల్మెకెన్ కూడా నవ్వేది. ఇంటికొచ్చాక గిన్నెలు చప్పుడయ్యేలా తోమేది. అప్పటినుంచీ ఆమె ఎత్తు అన్నదాన్ని ఎక్కడం మానేసింది. పశువులకొట్టం పైన ఎండుగడ్డి దించడానికి నిచ్చెన ఎక్కాలన్నా మొగుణ్ణే పిలిచేది.

ఇంతమంది ఉండగా నన్నెందుకు అడుగుతున్నావని ఉల్మెకెన్ అడిగింది. కొడుకు మేర్‌కుల్‌ను ముందే అడిగానని షరీపా చెప్పింది. ఈ వయసులో కొండలేమిటని కసిరి, లోయ మీదుగా ఎగిరి తీసిన వీడియోలు బోలెడున్నాయి, ఫోనులో చూపిస్తానన్నాడట.

"ఇంకెవరితో వెళ్ళినా నామీద జాలిపడతారు," అంది షరీపా. "అయ్యో పాపం అంటూ చెయ్యి పట్టుకుని నడిపిస్తారు. అది నేను పడలేను. నువ్వైతే జాలిపడవు. నీకు నామీద బోలెడు కోపముంది."

ఉల్మెకెన్ కుదరదని చెప్పేసింది. షరీపా బతిమాలలేదు. టీ తాగి లేచి, వెళ్తూ వెళ్తూ గుమ్మం పక్క కొయ్యకు భుజం గుద్దుకుంది. అడ్డంగా నిలబడ్డావెందుకని ఆ కొయ్యను తిట్టి, తల ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఆ రోజంతా ఉల్మెకెన్‌కు ఏ పనీ తిన్నగా సాగలేదు. పాలు పితుకుతున్నా, పిండి కలుపుతున్నా గుమ్మానికి కొట్టుకున్న ఆ భుజమే కళ్ళముందు ఆడింది. సాయంత్రం ఒరిన్‌బాయ్ గొర్రెల్ని తోలుకుని ఇంటికి వచ్చేసరికి, ఆమె కొట్టానికి నిచ్చెన వేసి రెండో మెట్టు మీద నిలబడి ఉంది. మొహం పాలిపోయి ఉంది. అతను కర్ర పక్కన పడేసి వచ్చి నిచ్చెన పట్టుకున్నాడు.

మర్నాడు ఇంకొక మెట్టు ఎక్కింది. ఆ మర్నాడు ఇంకొకటి. వారం తిరిగేసరికి కొట్టం కప్పు మీద నిలబడగలిగింది. పొరుగింటి ఆడవాళ్ళు దడి మీంచి తొంగిచూసి, ఏం పోగొట్టుకున్నావమ్మా అక్కడ అని నవ్వారు. ఉల్మెకెన్ వాళ్ళకేసి చూడలేదు. చూస్తే కిందికి చూడాలి మరి.

ఆ తర్వాత అభయారణ్యం గార్డు జోలాన్ దగ్గరికి వెళ్ళింది. అతను ఒరిన్‌బాయ్‌కి పినతండ్రి కొడుకు, వరసకు మరిది. గార్డు తోడు లేకుండా ఆ కొండల్లోకి ఎవరూ వెళ్ళడానికి లేదు. సంగతంతా విని జోలాన్ టోపీ తీసి తల గోక్కున్నాడు.

"వదినా, ఆమెకు కళ్ళు లేవు, నీకు కాళ్ళు లేవు," అన్నాడు. "ఇద్దరినీ కలిపి లెక్కేస్తే ఒక మనిషి అవుతారు."

"ఆ ఒక్క మనిషినే తీసుకెళ్ళు," అంది ఉల్మెకెన్.

కొండవాలున ఎర్ర తులిప్‌లు విచ్చుకున్న రోజుల్లో, తెల్లవారగానే ముగ్గురూ బయల్దేరారు. షరీపాను జోలాన్ తన గుర్రం మీద కూర్చోబెట్టాడు. ఆమె నలుగురు కొడుకుల్ని కన్న మనిషిలా కాదు, గుర్రప్పందెంలో గెలిచిన పిల్లలా కూర్చుంది. దారి పొడుగునా నోరు మూయలేదు. జోలాన్ పొట్ట మీద, మేర్‌కుల్ ఫోను మీద, వెనకబడ్డ ఉల్మెకెన్ నడక మీద, దేనిమీద పడితే దానిమీద విసుర్లు విసిరింది. బొరియల ముందు నిలబడ్డ మర్మోట్లు, పిల్లి అంతేసి కొండ ఉడుతలు, వీళ్ళను చూసి ఈలలు వేసి లోపలికి దూరుతుంటే, ఆ ఈలలకు ఈలలతోనే బదులిచ్చింది. మొదటి చోటు దగ్గర ఆగనివ్వలేదు. అది చుట్టాలకు చూపించేది, నేను చుట్టాన్ని కానంది.

అర్చా చెట్ల గట్టు చేరేసరికి ఎండ ఎక్కింది. వెచ్చటి జిగురు వాసన ముక్కుకు ఘాటుగా తగిలింది. అక్కడ కూర్చుని నూనెలో వేయించుకొచ్చి చల్లారిన బౌర్సాక్ రొట్టెముక్కలు తిన్నారు, ఫ్లాస్కులోని టీ తాగారు. ఉల్మెకెన్ వాటిని ముట్టలేదు. ఎండబెట్టిన పెరుగు ఉండ, ఉప్పటి కుర్త్ ఒకటి బుగ్గన పెట్టుకుని ఊరుకుంది. ఇక్కడినుంచి గుర్రం పోదు. చలికాలంలో మంచు పగలగొట్టిన రాళ్ళు దారిలో పడి ఉంటాయి, ముందు నేను వెళ్ళి తోసేసి వస్తాను, నేనొచ్చేదాకా కదలొద్దని గట్టిగా చెప్పి, గుర్రాన్ని చెట్టుకు కట్టి జోలాన్ వెళ్ళాడు. కొండ మలుపులో అతని వీపు కనుమరుగైంది.

ఉల్మెకెన్ కాసేపు కూర్చుంది. కొట్టం కప్పు వేరు, ఇది వేరు. ఇంకొంచెంసేపు ఇలాగే ఉంటే తాను ఇక లేవలేనని ఆమెకు తెలిసిపోయింది.

"అక్కా, లే," అంది. "జోలాన్ వచ్చేదాకా ఆగితే నాకు ధైర్యం ఆగదు."

నడుముకు చుట్టుకున్న ఉన్ని శాలువా ఒక కొస షరీపా చేతికిచ్చి, తాను ముందు నడిచింది.

ఇరుకు దారిలో ఆమె కళ్ళు గోడను విడవలేదు. రాతి మీద పసుపు రంగు నాచు, పగుళ్ళలో వేలెడెత్తు మొక్కలు, వాటికి గింజంత తెల్లటి పూలు. ఒక పువ్వునుంచి ఇంకో పువ్వుకు నడిచింది. ఎడమ చెంపకు మాత్రం కిందినుంచి చల్లటి గాలి తగులుతూనే ఉంది. దాంతోపాటు నది హోరు. వెనక షరీపా కబుర్లు చెబుతూనే వస్తోంది. ఆమెకు కనబడేది ముందున్న ఉల్మెకెన్ వీపు, కాళ్ళ కింద కాస్త దారి. ఆ అగాధం ఆమె పాలిట లేనే లేదు. ఈ దారికేనా పిల్లా అప్పుడంత గోల చేశావు, ఇక్కడ నేనైతే పిండి వంటలు చేస్తానంది.

మలుపు తిరిగారు. ఎదుటి తెల్లటి సున్నపురాయి మీంచి ఎండ తిన్నగా మొహాల మీద కొట్టింది. నాలుగడుగులు వేశాక షరీపా మాట ఆగిపోయింది. శాలువా బిగుసుకుంది.

"ఉల్మెకెన్."

షరీపా ఎప్పుడూ పిల్లా అనడమేగాని పేరు పెట్టి పిలిచింది లేదు. ఉల్మెకెన్ ఆగింది.

"ఏమీ కనపట్టంలేదే. అంతా తెల్లగా అయిపోయింది," అంది షరీపా. ఆ గొంతు ఉల్మెకెన్ ఎన్నడూ విననిది. "కాలెక్కడ పెట్టాలో తెలీట్లేదు. నాకు భయమేస్తోంది."

జోలాన్‌ను పిలుద్దామన్నా అతను అవతల ఉన్నాడు. వచ్చినా తనను దాటి షరీపా దగ్గరికి పోవడానికి చోటు లేదు. ఉన్నది తానే. వెనక్కి తిరగాలి. గోడవైపు తిరగనివ్వకుండా అక్కడ ఒక రాయి పొడుచుకొచ్చి ఉంది; తిరగాలంటే మొహం ఒకసారి లోయ వైపు పెట్టక తప్పదు.

తిరిగింది. లోయ మొత్తం ఒక్కసారిగా కళ్ళలోకి వచ్చి పడింది. రాతిని పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి. అంతే. ఆమె పడిపోలేదు. కొండ కదల్లేదు. ఎదురుగా షరీపా గోడకు అతుక్కుని నిలబడి ఉంది. ఆమె ఎడమ పాదం సగం దారి అంచు దాటి గాలిలో ఉంది.

ఆ పాదాన్ని చూశాక ఉల్మెకెన్‌కు ఇంకేదీ కనబడలేదు. కాలు గోడవైపు జరుపుకోమని నెమ్మదిగా చెప్పింది. షరీపా కదల్లేదు, కదలలేకపోయింది. ఉల్మెకెన్ గొంతుక్కూర్చుని, ఆ బూటును మడమతో సహా రెండు చేతులా పట్టి, చంటిపిల్ల కాలు జరిపినట్టు జరిపి రాతి మీద ఆనించింది. లేచి, శాలువాను షరీపా నుదుటి మీద గొడుగు చూరులా మడిచి కట్టింది. ఎండ కంట్లో పడకుండా కాస్త నీడయింది.

"వెనక్కి పోదామే," అంది షరీపా. "చూసింది చాలు."

"ఏం చూశావని చాలు?" అంది ఉల్మెకెన్. "వెనక్కి పాకడమెలా ఉంటుందో నాకు తెలుసక్కా. ఇన్నేళ్ళు మోశాను. అది నీకొద్దు. ముందుకే పోదాం. నేను కాలు పెట్టిన చోట నువ్వు కాలు పెట్టు, అంతే."

గోడకు మొహం పెట్టి, వీపు అగాధానికిచ్చి, ఎడమ చేత్తో రాతిని తడుముతూ కుడి చేత్తో షరీపా చేతిని పట్టుకుంది. ఒక పక్కకు జరుగుతూ, ప్రతి అడుగూ చెప్పింది. ఇక్కడ గులకరాయి, తోసేశాను. ఇక్కడ మెట్టు, మోకాలంత. ఇక్కడ దారి వెడల్పు, ఊపిరి పీల్చుకో. షరీపా బడిపిల్లలా ఊ కొడుతూ వచ్చింది. మధ్యలో ఒకసారి ఉల్మెకెన్ మడమల కింది నుంచి ఒక రాయి జారి పడింది. అది అడుగున తగిలిన చప్పుడు ఎంతసేపటికీ వినబడలేదు. రాయి పడింది, మనం పడలేదు, అని చెప్పి ఇంకో అడుగు జరిగింది.

దారి చివర జోలాన్ ఎదురయ్యాడు. రాళ్ళు తోసి తిరిగొస్తూ వీళ్ళను చూసి ఉన్నచోటే నిలబడిపోయాడట. అరిస్తే ఎక్కడ బెదిరిపోతారోనని నోరెత్తలేదు. చేయి చాచి ముందు ఉల్మెకెన్‌ను, తర్వాత షరీపాను బండ మీదికి లాక్కున్నాడు. నీళ్ళ సీసా ఇచ్చి అవతలికి వెళ్ళి కూర్చున్నాడు.

డేగముక్కు ఒక పెద్ద గుడారం వేసుకునేంత వెడల్పు. షరీపా చతికిలబడి, రెండు అరచేతులూ రాతి మీద పెట్టి, ఊపిరి సర్దుకుంది. ఒక మబ్బు తునక వచ్చి ఎండను కప్పింది. కాసేపటికి ఆమె తల ఎత్తింది. వస్తోందే, చూపు వస్తోందే అని గొణిగింది. కానీ ఆ కొద్దిపాటి మేరలోంచి అంత లోయను ఎక్కడినుంచి మొదలుపెట్టి చూడాలో ఆమెకు తెలియలేదు. ఉల్మెకెన్ వెనక కూర్చుని, ఆమె గడ్డం పట్టుకుని తిప్పింది.

ముందు పైన, మంచు కొండల దగ్గర మొదలుపెట్టింది. అక్కడినుంచి నెమ్మదిగా కిందికి. ఎదుటి గోడలో ఎర్రమట్టి చార, బూడిదరంగు చార, మళ్ళీ ఎరుపు. ఎట్లా పట్టు దొరికిందోగాని, నిలువు రాతిలో మొలిచి పక్కకు పెరిగిన ఒంటరి అర్చా. ఇంకా కిందికి, అక్కా, ఇంకా కిందికి. అదిగో నీళ్ళు. అలా చూపించాలంటే ముందు తాను చూడాలి కదా. ఇన్నేళ్ళుగా కళ్ళు మూసుకున్న దాన్నంతటినీ ఉల్మెకెన్ అంగుళం అంగుళం చూసింది. ఒక గడ్డపు రాబందు లోయలో తేలుతూ వచ్చి, వాళ్ళ పాదాల కింది నుంచి సాగిపోయింది. పక్షి వీపును పైనుంచి చూడటం ఆమెకు అదే మొదటిసారి. రెక్కల మీద ఈకలు ఒకదానిమీద ఒకటి పెంకుల్లా పేర్చినట్టున్నాయి. మెడ తుప్పు రంగు. ఆ రెక్కలు ఒక్కసారి కూడా ఆడలేదు.

"నది మెలికలో ఒక చిన్న లంక ఉండాలి, ఉందా చూడు," అంది షరీపా. "దాన్ని చూపించి, అక్కడ నీకు ఇల్లు కడతానని నాతో అబద్ధమాడాడు మీ బావగారు."

ఉల్మెకెన్ అంచు దాకా జరిగి, బోర్లా పడుకుని, తల బయటికి పెట్టి వెతికింది. లంక ఉందని, దానిమీద బిర్చి చెట్లు కూడా పెరిగాయని చెప్పి, షరీపాను పక్కన పడుకోబెట్టి ఆమె తలను అటు తిప్పింది. ఇద్దరు ఆడవాళ్ళూ బండ అంచున గడ్డాలు ఆనించుకుని చాలాసేపు చూశారు. షరీపా చెంపల మీద నీళ్ళు కారాయి. అది గాలికి అంది.

"కట్టకపోవడమే మంచిదైంది," అంది చివరికి. "వరదొస్తే ఎవడు తోడతాడు?"

ఉల్మెకెన్ లేచి నిలబడింది. ఆమె డేగముక్కు కొస దాకా నడిచి, అక్కడ, మూడు వైపులా గాలి తప్ప ఏమీ లేని చోట, చేతులు విడిచి నిలబడింది. గౌను రెపరెపలాడింది. గుండె గట్టిగానే కొట్టుకుంటోంది, కానీ అది పారిపొమ్మని కొట్టుకోవడం కాదు. ఆమె నోటినుంచి ఒక కేక వచ్చింది. మాటేమీ లేదు, గుర్రాల్ని తోలేటప్పుడు పెట్టే కేకలాంటిది. ఎదుటి గోడ దాన్ని అందుకుని తిరిగి ఇచ్చింది. కింది మలుపు ఇంకోసారి ఇచ్చింది. ఆ గొంతు తనదేనా అని ఆమె ఆశ్చర్యపోయింది.

"చచ్చాను పో," అంది వెనకనుంచి షరీపా. "ఇక విందుల్లో ఏం చెప్పి నవ్వించను? నా నోటికాడి కూడు లాగేసుకున్నావు."

"ఇంకేదన్నా దొరుకుతుందిలే అక్కా. నీకు దొరక్కపోవడమా," అంది ఉల్మెకెన్, వెనక్కి తిరగకుండానే.

తిరుగు దారిలో జోలాన్ షరీపాను మధ్యలో పెట్టాడు. తాను ముందు, ఉల్మెకెన్ చివర. ఎండ వాలి వీపుల మీదికి మారింది. ఈసారి షరీపాకు దారి బాగానే కనబడింది, నోరూ తిరిగి వచ్చింది. గట్టు దాకా చేరాక జోలాన్ ఉల్మెకెన్‌ను కాసేపు గుర్రమెక్కమన్నాడు. ఆమె నడుస్తానంది. ఊరి పొలిమేర దాకా షరీపా పాత పెళ్ళిపాటలు ఎత్తుకుంటే మిగిలిన ఇద్దరూ వంత పాడారు. మేర్‌కుల్ సంగతి తెలిసి వీధి మొదట్లో కారేసుకుని నిలబడి ఉన్నాడు. పిన్నీ, నీకైనా బుద్ధి ఉండక్కర్లేదా అని మొదలుపెట్టాడు. వాళ్ళమ్మ గుర్రం మీంచే, నాకు ఆకలేస్తోంది, ఇంటికెళ్ళి మాంసం పొయ్యి మీద పెట్టమంది. అతను తల్లి మొహంలోకి చూశాడు. కారు తిప్పుకుని వెళ్ళి, మాంసం పొయ్యి మీద పెట్టాడు.

మర్నాడు ఉల్మెకెన్ మంచం దిగలేకపోయింది. తొడలు రాళ్ళయ్యాయి. పొయ్యి ముందు గొంతుక్కూర్చోబోయి, కూలబడి, తనలో తాను నవ్వుకుంది. ఒరిన్‌బాయ్ పొయ్యి రాజేసి, టీ కాచి, అందులో పాలు ఎక్కువే పోసి ఇచ్చాడు. ఆ నొప్పులు తగ్గకముందే ఆమె జోలాన్‌ను పిలిపించింది. లోయ అడుగుకు, నది దాకా దిగే దారి ఒకటి ఉందటగా, అది ఎప్పుడు తెరుచుకుంటుందని అడిగింది. మంచునీళ్ళ ఉధృతి తగ్గాక అన్నాడు జోలాన్. దిగడం కంటే మళ్ళీ ఎక్కడం కష్టం, తర్వాత నన్ననొద్దన్నాడు.

గొర్రెలకు ఉన్ని కత్తిరించడం అయిపోగానే వెళ్ళారు. షరీపా కూడా వచ్చింది. చూడటానికి కాకపోతే తిట్టడానికైనా నేనుండాలంది. అప్పటికి ఆమె చూపు ఇంకొంచెం తగ్గింది, కానీ ఉల్మెకెన్ శాలువా కొస పట్టుకుని నడవడంలో ఇద్దరికీ చెయ్యి తిరిగింది. మధ్యాహ్నానికి నది ఒడ్డున ఉన్నారు. షరీపా బూట్లు విప్పి, గౌను ఎత్తి పట్టుకుని, అక్సులోకి మోకాళ్ళ దాకా దిగింది. మంచు కరిగిన నీళ్ళు. అబ్బ, నీ అమ్మ కడుపు మాడ అని నదిని నోరారా తిట్టి, అయినా బయటికి రాలేదు. ఉల్మెకెన్ ఆమె మోచేయి పట్టుకుని పక్కనే నిలబడింది. నీళ్ళు ఇద్దరి కాళ్ళనూ తోసుకుంటూ పోతున్నాయి.